వ్యోమగాముల చరిత్రయు మన పిల్లల పుస్తకములును

పిల్లల కొరకు తెలుగున వెలువడుచున్న పుస్తకములలో వ్యోమయాన చరిత్రలకు ఇప్పుడు మంచి ఆదరము గలదు. పుట్టినరోజు కానుకగా కొనిపెట్టువారు కొందరు, పాఠశాలలో బహుమానముగా ఇచ్చువారు కొందరు. రంగుల చిత్రములతో, నున్నని కాగితముతో, పెద్ద అక్షరములతో ఈ పుస్తకములు చూడముచ్చటగా నుండును. 1961లో యూరీ గగారిన్ భూమిని చుట్టివచ్చిన దినము మొదలుకొని, 2025లో మన శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమున కొన్నివారములు నివసించి తిరిగివచ్చువరకు గల అరువదినాలుగేండ్ల కథ వానిలో నిమిడియుండును. వాని బాహ్యశోభను గూర్చి మాకు ఫిర్యాదు లేదు. లోపలి కథను గూర్చియే కొంత విమర్శింపదలచితిమి. ఏ యొక్క పుస్తకమును పేరెత్తి నిందించుట మా యుద్దేశము కాదు. అన్నిటిలోను ఒకే వరుస, ఒకే ధోరణి, తుదకు ఒకే వాక్యములు కూడ కనబడుచుండుటచేత ఒకరికి తగిలిన మాట అందరికిని తగులును.

ఈ విషయమున మాటలాడుటకు మా ప్రాంతమువారికి కొంత హక్కు గలదని మేము తలంతుము. కొండపల్లికి ఎగువన, మునేటి యొడ్డుననున్న పెనుగంచిప్రోలులో 1877లో కొమర్రాజు లక్ష్మణరావుగారు జన్మించిరి. ఆయన 1906లో మిత్రులతో గూడి హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పి, చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగుననే సుఖముగా చదువుకొనవచ్చునని చేసి చూపిరి. ఆయన యక్కగారగు భండారు అచ్చమాంబగారు స్త్రీల జీవితములను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను రచించిరి. శాస్త్రమును తెలుగున వ్రాయుట యెట్లో తమ్ముడును, జీవితచరిత్ర వ్రాయుట యెట్లో అక్కయు శతాబ్దమునకు పూర్వమే చూపియుండగా, ఆ రెండు విద్యలును కలిసి పనిచేయవలసిన వ్యోమగాముల చరిత్ర ఇంత పలుచబడియుండుట మాకు విచారము కలిగించుచున్నది.

ఆ పుస్తకముల ధోరణి యెట్టిదో చదువరులు ఎరుగుదురు. ఒక బాలుడు, లేదా బాలిక, డాబామీద పరుండి నక్షత్రములవంక చూచును. నేనును అచ్చటికి పోయెదనని తల్లితో చెప్పును. పెరిగి పెద్దవాడై రాకెట్టు నెక్కును. దేశమునకు కీర్తి తెచ్చును. పుట త్రిప్పగానే మరియొక డాబా, మరియొక బాలుడు. ధ్రువుని కథకును దీనికిని భేదము వస్త్రములలో మాత్రమే గలదు. గగారిన్ తండ్రి వడ్రంగి యనియు, గగారిన్ తాను మొదట లోహపు పోతపని నేర్చిన కార్మికవిద్యార్థి యనియు, వలెంతినా తెరెష్కోవా బట్టలమిల్లులో పనిచేసిన పడుచనియు ఈ పుస్తకములు చెప్పకపోవు. ఒక్క వాక్యములో చెప్పి, త్వరత్వరగా ఆకాశమునకు పోవును. వడ్రంగి బిడ్డ నౌక నెక్కుటకు నడుమ ఏ చదువు, ఏ శ్రమ, ఎవరి సహాయము, ఎన్ని పరీక్షలు ఉండెనో అదియే పిల్లవానికి కావలసినది. దానిని విడిచినచో మిగులునది జాతకమే.

ఇచ్చట కొండపల్లి బొమ్మల ప్రసక్తి తేక తప్పదు. తెల్లపొణికి కఱ్ఱను ఎండబెట్టి, అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండితో చేసిన మక్కుతో అతికి, సున్నము పూసి, పిమ్మట రంగులు వేయుదురు. వీనిలో అందరును మొదట చూచునది అంబారీ ఏనుగు. రాజు మీద గూర్చుండియుండును. కాని బొమ్మచేయువాడు మావటివానిని మఱువడు. మావటి లేని అంబారీని కొనువాడు కూడ వింతగా చూచును. ఇక పల్లెబొమ్మలు చూడుడు: తాడిచెట్టు నెక్కుచున్న గీతకాడు, ధాన్యము దంచుచున్న స్త్రీ, ఎడ్లబండి తోలు రైతు. వీరెవరును ‘మొట్టమొదటి’ వారు కారు. అయినను సంక్రాంతికి బొమ్మల కొలువులో వీరిని దశావతారముల క్రింది మెట్టుమీద నిలిపినప్పుడు, ఊరు ఎట్లు నడచుచున్నదో పిల్లలకు కంటితోనే తెలియును. మన వ్యోమయాన చరిత్రలు ఏనుగును, రాజును చెక్కి, మావటిని మఱచిన బొమ్మలవలె నున్నవి. పల్లెసంగతి చెప్పనే యక్కరలేదు.

ఆ మఱవబడినవారు సామాన్యులు కారు. 1969 జూలైలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రునిపై అడుగిడినప్పుడు ఆయన ధరించిన ఉడుపు ఇరువదియొక్క పొరలు గలది. దానిని కుట్టినవారు స్త్రీల లోదుస్తులను తయారుచేయు నొక సంస్థలోని దర్జీపని స్త్రీలు. ఒక కుట్టు వదులైనను, పొరల నడుమ ఒక గుండుసూది మిగిలిపోయినను మనిషి ప్రాణము పోవును గావున, వారి పనిని పదేపదే పరీక్షించుచుండిరి. ఆ నౌకకు దారిచూపిన గణనయంత్రముయొక్క జ్ఞాపకశక్తి కూడ చేతినేతయే. చిన్న చిన్న అయస్కాంతపు వలయముల గుండ రాగితీగను స్త్రీలు సూదితో దూర్చి నేసిరి. తీగ వలయములోనుండి పోయినచో ఒకటి, ప్రక్కనుండి పోయినచో సున్న. మంగళగిరి మగ్గము చూచిన మన పిల్లలకు ఈ సంగతి చెప్పినచో గణనయంత్రమనగా భయము పోవును, నేతపనియనగా చులకన పోవును. 1962లో జాన్ గ్లెన్ భూమిని చుట్టుటకు బయలుదేరు మునుపు, యంత్రము వేసిన లెక్కను కాథరిన్ జాన్సన్ అను నల్లజాతి గణితవేత్రి చేతితో సరిచూడవలెనని కోరెను. ఆమె పేరు ఈ నడుమ కొన్ని పుస్తకములలో కనబడుచుండుట సంతోషకరమే. కాని అదియు ఒక కథానాయికను చేర్చుటయేగాని పల్లెను చెక్కుట కాదు.

మన రాకేశ్ శర్మగారి కథనే తీసికొందము. పటియాలాలో పుట్టి, హైదరాబాదున పెరిగి, నిజాం కళాశాలలో చదువుకొని, వాయుసేనలో వైమానికుడైన ఈయన 1984 ఏప్రిల్ 3న సోవియట్ నౌకలో వెడలి, సల్యూత్ 7 కేంద్రమున గడపి, మొత్తము 7 దినముల 21 గంటల 40 నిమిషములకు తిరిగివచ్చెను. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ ప్రశ్నకు ఆయన యిచ్చిన సమాధానమును పుస్తకములన్నియు ముద్రించును. అది మంచి సమాధానమే. కాని ఆయన ప్రక్కన గూర్చున్నవారెవరు? ఒకరు యూరీ మలిషెవ్, నాయకుడు. రెండవవాడు గెన్నాదీ స్త్రెకలోవ్. ఈ స్త్రెకలోవ్ 1983 సెప్టెంబరు 26న మరియొక రాకెట్టుపై గూర్చుండగా, బయలుదేరకముందే రాకెట్టు క్రిందిభాగమున మంటలు లేచెను. నౌకకు పైనున్న చిన్న రక్షణరాకెట్టు అతనిని, అతని సహచరుని నౌకతోగూడ పైకి లాగుకొనిపోయి దూరముగా దింపెను. కొన్ని క్షణములలో క్రిందనున్న పెద్ద రాకెట్టు ప్రేలిపోయెను. ఆ మనుష్యుడు ఆఱునెలలు గడచిన కొలదిదినములకే మరల రాకెట్టు నెక్కి, మన శర్మగారి సరసన గూర్చుండెను. పిల్లలకు చెప్పవలసిన ధైర్యకథ ఇంతకంటె వేరొకటి యేమున్నది?

ఇది గతించిన కథయు గాదు. 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో మనవారు మనుష్యులు లేని నౌకతో పరీక్షించినది అట్టి రక్షణోపాయమునే. నెల్లూరి దిక్కున జరిగిన యీ పరీక్షను దూరదర్శనమున చూచి, ‘రాకెట్టు పైకి పోకుండనే నౌక సముద్రములో పడినదేమి?’ యని అడిగిన పిల్లవానికి స్త్రెకలోవ్ కథ చెప్పగల తల్లి ఎంత యదృష్టవంతురాలు! రవీశ్ మల్హోత్రాగారి పేరు కూడ ఇట్లే మఱుగుపడెను. శర్మగారితో సమముగా రష్యాలో శిక్షణ పొంది, అన్ని పరీక్షలలోను నెగ్గి, అవసరమైనచో వెళ్లుటకు సిద్ధముగా నుండి, వెళ్లకయే తిరిగివచ్చిన యీ సైనికుని జీవితము, తరగతిలో రెండవస్థానము వచ్చినందులకు అన్నము మానుకొను మన పిల్లలకు మొదటివాని కథకంటె ఎక్కువ పనికివచ్చును.

స్త్రీల సంగతికి వచ్చితిమి. తెరెష్కోవా 1963 జూన్ 16న బయలుదేరి, ఇంచుమించు మూడు దినములలో 48 మార్లు భూమిని చుట్టెను. ఇంతవరకు పుస్తకములు చెప్పును. నౌకను నడపు ఏర్పాటులో దోషముండి, దిగవలసినప్పుడు అది పైకి పోవునట్లుండెననియు, ఆ దోషమును కనిపెట్టినది ఆమెయే యనియు, ఆ మాట బయట చెప్పవలదని పెద్దలు కోరగా దశాబ్దములపాటు మౌనముగా నుండెననియు చెప్పవు. ఆమె తరువాత రెండవ స్త్రీ స్వెత్లానా సవిత్స్కయా వెళ్లినది 1982లో. నడుమ పందొమ్మిదేండ్లు! ఆ పందొమ్మిదేండ్లలో స్త్రీలకు రెక్కలు విరిగెనా? అమెరికాలో జెర్రీ కాబ్ మొదలగు పదుమువ్వురు స్త్రీ వైమానికులు పురుషులకు పెట్టిన వైద్యపరీక్షలలో నెగ్గిరి. వారి విషయమై 1962లో చట్టసభ యుపసంఘమున విచారణ జరిగెను. వ్యోమగామి కాగోరువారు సైన్యపు జెట్టువిమానములను పరీక్షించిన వైమానికులై యుండవలెనని నియమము. స్త్రీలకు ఆ యుద్యోగము ఈయరాదని మరియొక నియమము. ఈ రెండు నియమముల నడుమ వారు చిక్కుకొనిరి. శాలీ రైడ్ అను మొదటి అమెరికా స్త్రీ 1983లో గాని వెళ్లలేకపోయెను. బడి దూరమని పిల్లను మాన్పించి, చదువు లేదని ఆమెను నిందించు గృహములను ఎరిగిన మన చదువరులకు ఈ న్యాయము క్రొత్తది కాదు.

మన గగనయానము సంగతి కూడ ఇచ్చటనే చెప్పుకొనవలెను. 2024 ఫిబ్రవరిలో ప్రకటింపబడిన నలుగురు వ్యోమగాములును వాయుసేనలోని పరీక్షావైమానికులు, నలుగురును పురుషులే. వారి సామర్థ్యమును మేము శంకించుట లేదు. అయితే మనుష్యులు లేని తొలిప్రయాణములకై సిద్ధపరచిన వ్యోమమిత్ర యను యంత్రపు బొమ్మకు మాత్రము స్త్రీరూపము నిచ్చిరి. బొమ్మలు చేయు ఊరిపేరు చెప్పుకొని వ్రాయుచున్న మేము బొమ్మను తక్కువచేయలేము. కాని పిల్లల పుస్తకములలో ఈ బొమ్మను చూపి స్త్రీలకు గౌరవము దక్కినదని వ్రాయుట మాత్రము ఆడుపిల్లలను మభ్యపెట్టుటయే. ఎంపిక ఏ యుద్యోగమునుండి జరిగినదో, ఆ యుద్యోగమున స్త్రీలెందరున్నారో వ్రాసి, తక్కినది పిల్లల యూహకు విడువవలెను.

ఇప్పుడు మా ముఖ్యమైన యభ్యంతరమునకు వచ్చుచున్నాము. అది మరణములను గూర్చినది. కల్పనా చావ్లా కథ లేని తెలుగు పుస్తకము లేదు. కర్నాలులో పుట్టిన యీ వనిత 1997లో మొదట అంతరిక్షమునకు వెళ్లివచ్చి, రెండవమారు వెళ్లి, 2003 ఫిబ్రవరి 1న ‘కొలంబియా’ నౌక భూమికి తిరిగివచ్చుచు విచ్ఛిన్నమైనప్పుడు ఆఱుగురు సహచరులతో గూడ మరణించెను. మన పుస్తకములలో ఈ ఘట్టమునకు వచ్చునప్పటికి శైలి ఒక్కసారిగా మారిపోవును. విధి వక్రించును. తార రాలిపోవును. కాలము కాటువేయును. పుటనిండ కన్నీరు, కారణము మాత్రము ఒక్క పంక్తియు నుండదు.

కారణము లేకపోలేదు, తెలియకపోలేదు. నౌక బయలుదేరిన 82వ సెకనున, పెద్ద తొట్టిపైనుండు నురుగు పొరనుండి సుమారు ముప్పాతిక కిలో బరువు గల తునక యొకటి ఊడి ఎడమరెక్క యంచును కొట్టెను. అచ్చట రంధ్రము పడెను. నౌక పదునాఱు దినములు పైననుండెను. ఆ దినములలో రెక్కను దూరమునుండి ఛాయాచిత్రములు తీయించి చూడవలెనని క్రిందనున్న ఇంజనీర్లు కోరిరి. అధికారులు ఆ కోరికను సాగనీయలేదు. తిరుగుప్రయాణమున గాలి యొరపిడివలన పుట్టిన మహోష్ణము ఆ రంధ్రముగుండ రెక్కలోనికి చొచ్చెను. ఇందులో విధి యెక్కడ? చెప్పినవాడు చిన్నవాడు గనుక విననివారు పెద్దవారు, ఇదియే యున్నది.

పదునేడేండ్లకు పూర్వము జరిగిన ‘చాలెంజర్’ ప్రమాదము దీనికి అక్కవంటిది. 1986 జనవరి 28న ఆ నౌక లేచిన 73వ సెకనున విరిగిపోయి, క్రిస్టా మెకాలిఫ్ అను ఉపాధ్యాయినితో గూడ ఏడుగురు మరణించిరి. ప్రక్కరాకెట్ల అతుకులలో రబ్బరు కట్టు లుండెను. ఆ తెల్లవారుజామున విపరీతమైన చలి. చలికి రబ్బరు బిగిసి, అతుకును సరిగా మూయలేకపోయెను. వేడివాయువు బయటకు చిమ్మెను. ఇంటనున్న కుక్కరు రబ్బరు పట్టా గట్టిపడినప్పుడు ఆవిరి ప్రక్కలనుండి చిమ్ముట ప్రతి యిల్లాలికిని తెలియును. పిల్లవానికి వంటయింటనే చూపవచ్చును. ఆ రాకెట్లను చేసిన సంస్థలోని ఇంజనీర్లు ముందునాటి రాత్రియే, ఈ చలిలో పంపవలదని మొఱపెట్టుకొనిరి. వారి పైయధికారులు మొదట ఒప్పుకొని, ఒత్తిడికి లోబడి పిదప మాట మార్చిరి. విచారణసంఘములోని భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్మన్ అందరియెదుట ఒక రబ్బరు ముక్కను మంచునీటిలో ముంచి చూపుటతో లోకమునకు విషయము బోధపడెను.

1967 జనవరి 27న నేలమీదనే శిక్షణ జరుగుచుండగా ‘అపోలో 1’లో ముగ్గురు దగ్ధమైరి. నౌకనిండ శుద్ధమైన ప్రాణవాయువు నింపియుండిరి. ఊదుగొట్టముతో పొయ్యినూదిన చేతికి దీని యర్థము వేరుగా చెప్పనక్కరలేదు. తలుపు లోపలికి తెఱచుకొనునది. లోపలి యొత్తిడికి అది రాలేదు. ఆ మరణముల తరువాత తలుపు బయటికి వేగముగా తెఱచుకొనునట్లు మార్చిరి, లోపలి వాయువును మార్చిరి. 1971 జూన్ 30న ‘సయూజ్ 11’లో ముగ్గురు రష్యనులు ఒక చిన్న కవాటము అకాలమున తెఱచుకొని గాలి పోవుటచే మరణించిరి; ఇరుకువలన వారు రక్షణయుడుపులు ధరింపలేదు. అటుపిమ్మట ఉడుపు లేక ఎవరిని ఆ నౌకలో పంపలేదు. శర్మగారు ధరించి వెళ్లిన ఉడుపు ఆ మువ్వురి మరణమునుండి వచ్చినదే. ఈ గొలుసును త్రెంచి, మరణమును విధికిని, ఉడుపును విజ్ఞానమునకును విడివిడిగా అప్పగించువారు చరిత్ర వ్రాయుచున్నారని యెట్లు చెప్పగలము?

లేత మనస్సులకు మరణవార్తలేలయని కొందరు తల్లులు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. కాని మన పిల్లలు అభిమన్యుని కథను ఐదేండ్ల వయస్సుననే వినుచున్నారు. ఆ కథ వారికి ఇన్ని తరములుగా రుచించుటకు హేతువు కన్నీరు మాత్రము కాదు. పద్మవ్యూహములోనికి పోవుట తెలిసి వెలువడుట తెలియకపోవుటచే అతడు చచ్చెనని కారణము స్పష్టముగా చెప్పబడియున్నది. వెనుకనుండి రావలసినవారిని సైంధవుడు అడ్డగించెననియు చెప్పబడియున్నది. ఎవరి తప్పు ఎంతయో పిల్లలు తామే వాదించుకొందురు. పురాణమే ఇంత వివరముగా హేతువును చెప్పుచుండగా, శాస్త్రగ్రంథమనిపించుకొనునది విధియని చేతులు కడుగుకొనుట చూడ మాకు ఆశ్చర్యముగా నున్నది. పురాణపు కథనమును అనుకరింపదలచినచో దానిలోని ఈ గుణమునైనను గ్రహింపవలదా?

అసలు భయము మరణమును గూర్చినది కాదని మా యనుమానము. పెద్దలు తప్పుచేసిరనియు, క్రిందివాని మాట నిజమయ్యెననియు పిల్లలకు చెప్పుటకే మనకు జంకు. 1957 నవంబరులో పంపబడిన లైకా యను కుక్క కొన్ని దినములు సుఖముగా బ్రదికెనని చాలకాలము వ్రాసిరి. అది కొన్ని గంటలలోనే వేడికి తాళలేక చచ్చెనని 2002లో రష్యను శాస్త్రజ్ఞుడే వెల్లడించెను. మన పుస్తకములు కొన్ని ఇప్పటికిని పాతమాటనే తిరుగవ్రాయుచున్నవి. గగారిన్ తన నౌకలోనే భూమికి దిగెనని సోవియట్ ప్రభుత్వము ఏండ్లతరబడి చెప్పెను. ఆయన నౌకనుండి వెలువడి, వేరుగా పారాచూటుతో దిగెను. ఇందువలన ఆయన ఘనత తగ్గదు. దాచినవారి ఘనతయే తగ్గును. పదేండ్ల పిల్లవానికి ఈ భేదము తెలియదనుట వానిని అవమానించుట.

తెలుగువారి వంతుకు వచ్చెదము. రాజా చారి తండ్రి తెలంగాణమునుండి అమెరికా వెళ్లినవారు. కుమారుడు 2021 నవంబరులో ఒక నౌకకు నాయకుడై అంతరిక్షకేంద్రమునకు వెళ్లి, ఇంచుమించు ఆఱునెలలు పనిచేసి వచ్చెను. గుంటూరు ప్రాంతమున పుట్టి అమెరికాలో పెరిగిన బండ్ల శిరీష 2021 జూలై 11న సుమారు 86 కిలోమీటర్ల యెత్తునకు పోయి, మొక్కలను గూర్చిన యొక ప్రయోగమును చేసి వచ్చెను. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న యాత్రికుడుగా 100 కిలోమీటర్లకు కొంచెము పైగా పోయి, పది నిమిషములలో తిరిగివచ్చెను. మువ్వురును మనవారే, మువ్వురిని చూచి సంతోషింతము. కాని ఈ మూడును ఒకే పని యన్నట్లు ఒకే వరుసలో మూడు చిత్రములు వేసి క్రింద ‘తెలుగు వ్యోమగాములు’ అని వ్రాయుట పిల్లల కొలతబద్దను విఱిచివేయుట. విజయవాడనుండి బందరు ఎంతదూరమో అంతకు ఒకటిన్నర రెట్లు నిట్టనిలువుగా పోయినచో గోపీచంద్ చేరిన యెత్తు. విజయవాడనుండి మదరాసుకు రైలులో పోవుదూరము 400 కిలోమీటర్లకు పైచిలుకు. రాజా చారి పనిచేసిన కేంద్రము యొక్క యెత్తు దానికి కొంచెము తక్కువ. అచ్చటనుండు కేంద్రము కొండపల్లికిని విజయవాడకును గల దూరమును రెండు మూడు సెకనులలో దాటును. అంతరిక్షము ఎచ్చట మొదలగునను విషయమున అమెరికావారి గీత 80 కిలోమీటర్లు, తక్కినవారిలో పెక్కుమంది గీత 100 కిలోమీటర్లు. శిరీష ఒక గీతను దాటి మరియొక గీతకు క్రిందనుండెను. ఇంత స్పష్టముగా చెప్పినచో ఎవరి గౌరవమునకును లోపము రాదు.

గోపీచంద్ ప్రయాణములో మన పుస్తకములకు పట్టని విశేష మొకటి కలదు. అదే నౌకలో ఆయనతో గూడ తొంబదియేండ్ల ఎడ్ డ్వైట్ అను వృద్ధుడు వెళ్లెను. 1960ల మొదట అమెరికా వాయుసేనలో వ్యోమగాముల శిక్షణకు చేర్పబడిన మొదటి నల్లజాతి వైమానికు డాయన. 1963లో పేర్లు ప్రకటించినప్పుడు ఆయన పేరు లేదు. సేనను విడిచి, శిల్పవిద్య నభ్యసించి, తన జాతి చరిత్రను కంచుబొమ్మలుగా పోతపోయుచు జీవితము గడపెను. నల్లజాతివారిలో అమెరికానుండి మొదట అంతరిక్షమునకు వెళ్లినవాడు గ్వయన్ బ్లూఫర్డ్, అది 1983. డ్వైట్ వంతు అఱువదేండ్లు గడచిన పిమ్మట, ఒక బెజవాడ మనుష్యుని ప్రక్కన వచ్చెను. దిగునప్పుడు మూడు పారాచూటులలో ఒకటి పూర్తిగా విచ్చుకొనలేదు. రెండింటితోనే క్షేమముగా దిగిరి. మనవాడు వెళ్లెనని సంబరపడు పిల్లకు ఆ ప్రక్కకిటికీ దగ్గరి వృద్ధుడెవరో, ఆయన ఎన్నాళ్లు ఎందుకు వేచియుండెనో చెప్పినచో, నిరాకరింపబడినవారి చరిత్ర యొక్కటి ఆమెకు దొరకును. కులము పేర ఎవరెవరిని ఎచ్చటెచ్చట నిలిపివేసితిమో ఆమె మనలను తిరిగి అడుగవచ్చును. అడుగనిండు.

భాషను గూర్చి ఒక మాట. ఈ పుస్తకములు చాలవరకు ఇంగ్లీషునుండి వాక్యమువెంట వాక్యముగా దించినవి. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ వంటివారు శాస్త్రమును తెలుగుననే ఆలోచించి వ్రాసిన తరువాత కూడ ఈ దుర్గతి యేల? అనువాదకుడు విషయమును తాను గ్రహింపకయే వ్రాసెననుటకు సాక్ష్యము, అంతరిక్షమున భూమ్యాకర్షణ లేదు గనుక మనుష్యులు తేలుదురను వాక్యము. ఇది దాదాపు ప్రతి పుస్తకమునను గలదు. ఇది శుద్ధ అబద్ధము. 400 కిలోమీటర్ల యెత్తున కూడ భూమ్యాకర్షణ నేలమీదనున్న దానిలో పదింట తొమ్మిదివంతులు ఉండును. అది లేనిచో కేంద్రము భూమిని చుట్టనే చుట్టదు. తిన్నగా పోయి మఱలిరాదు. కేంద్రమును, అందులోని మనుష్యులును, వారి చేతిలోని నీళ్లును ఒక్కటిగా భూమివైపు పడుచునే యుండి, ప్రక్కకు పోవు వేగముచేత భూమిని తప్పించుకొనుచుండుటచే ఒకదానిపై నొకటి బరువు మోపవు.

ఇది మాటలతో చెప్పినచో పిల్లలు నమ్మరు, నమ్మనవసరమును లేదు. పాత రేకుడబ్బా యొకదానికి అడుగున మేకుతో రంధ్రముచేసి, వ్రేలితో మూసి నీరు నింపవలెను. వ్రేలు తీసినచో నీరు ధారగా కారును. మరల నింపి, మేడమెట్లమీద నిలిచి డబ్బాను అటులనే క్రిందికి విడువవలెను. పడుచున్నంతసేపు ధార ఆగిపోవును. డబ్బాయు నీరును కలసి పడుచుండుటచే నీరు అడుగును నొక్కదు. రంధ్రము మరీ సన్నముగా నున్నచో ధార కనబడదు. పెన్సిలు మొన పట్టునంత యుండవలెను. క్రింద ఎవరును నిలువకుండ చూడవలెను. ఒకరు పైనుండి విడుచుచుండ, మరియొకరు ప్రక్కనుండి కనిపెట్టి చూచుట మంచిది. పడుట అఱసెకనులో ముగియును గావున మొదటిమారు ఎవరికిని సరిగా కనబడదు.